నది వంతెన మరమ్మతు: ముందు నీటి దారి చూడండి

పియర్ (వంతెన స్తంభం) తల దగ్గర పెచ్చులూడి చువ్వలు కనబడగానే మోర్టార్ పూయించేస్తారు. కొన్నాళ్లకే అది మళ్లీ ఊడుతుంది. తప్పు మోర్టార్‌ది కాదు, పైన కారుతున్న ఎక్స్‌పాన్షన్ జాయింటుది, అంటే వేడికి వంతెన సాగడానికి వదిలిన సందుది. అందుకే తనిఖీ వాన కురుస్తుండగా, వంతెన కింద నిలబడి చేయాలి. నీళ్లు ఎక్కడ కారుతున్నాయో అక్కడి నుంచే పని మొదలుపెట్టాలి.

40 మీటర్ల కాంక్రీటు స్పాను (రెండు పియర్ల మధ్య భాగం) 30 డిగ్రీల వేడి తేడాకి దాదాపు 14 మి.మీ. సాగుతుంది. జాయింటు సందులో ఇసుక, కంకర బిగిస్తే సాగడానికి చోటుండదు, అంచు కాంక్రీటు పగులుతుంది. వానలకు ముందూ తర్వాతా సందు శుభ్రం చేయించండి, స్లాబు మీది నీటి తూములు కూడా. రబ్బరు సీలు చిరిగితే అతుకు వేయకండి, రోడ్డు వెడల్పంతా ఒకే ముక్కగా మార్చండి. బండి వెళ్లినప్పుడు జాయింటు టకటకలాడితే సీలు మార్చి లాభం లేదు. అంచు ఇనుమును కాంక్రీటులో పట్టి ఉంచే లంగర్లు వదులయ్యాయి, కాంక్రీటు కోసి మళ్లీ బిగించాల్సిందే.

తర్వాత బేరింగులు, అంటే గర్డర్ల (స్లాబును మోసే దూలాలు) కింద పియర్ మీద ఉండే రబ్బరు ప్యాడ్లు. రబ్బరు పొరలు కొద్దిగా, సమంగా ఉబ్బితే కంగారక్కర్లేదు. లోపలి ఉక్కు పలకలు కనబడేంత పగులు ఉన్నా, ప్యాడు చోటు తప్పినా మార్చాలి. మార్చడానికి గర్డర్లను ఎత్తేది 5 నుంచి 10 మి.మీ. చాలు. అసలు జాగ్రత్తంతా ఎత్తే తీరులోనే ఉంది. ఆ వరసలోని గర్డర్లన్నీ కలిసి లేవాలి. ప్రతి గర్డరు దగ్గరా డయల్ గేజి (ఎంత కదిలిందో కొలిచే పరికరం) పెట్టి, తేడా డిజైనరు ఇచ్చిన హద్దు దాటబోతుంటే ఆపేయాలి. ఒక్కటి ముందుగా లేస్తే స్లాబు మెలితిరిగి పగులుతుంది. లాక్‌నట్ ఉన్న జాకీలే వాడండి, ఎత్తాక నట్టు బిగించి ప్రెషరు వదలండి. నూనె ప్రెషరు మీద గర్డరును నిలబెట్టి కింద మనుషుల్ని పనిచేయనివ్వడం ప్రాణాలతో చెలగాటం. ఎత్తేముందు వంతెన మీది నీటి పైపులు, కేబుళ్లు వదులు చేశారా అని చూసుకోండి, ఇది చాలామంది మరిచిపోతారు.

ఇప్పుడు కాంక్రీటు. సుత్తితో తట్టి, గుల్ల మోగిన చోటు చుట్టూ గీత గీసి, దానికి కొంత అవతల కట్టర్‌తో 20 మి.మీ. లోతు నిటారుగా కోయండి. కట్టరు చువ్వను తాకకూడదు. పలచని అంచు నిలవదు. చువ్వ వెనక కూడా 20–25 మి.మీ. తవ్వాలి, లేకపోతే వెనకవైపు తుప్పు అలాగే ఉంటుంది. ఫినాల్ఫ్తలీన్ (క్షారగుణం ఉంటే రంగు మారే రసాయనం) చల్లితే గులాబీ రంగు రాని కాంక్రీటుకి చువ్వను కాపాడే క్షారగుణం పోయినట్టే. ఉప్పు చేరిన కాంక్రీటులో ప్యాచ్ వేస్తే దాని పక్కనే కొత్త తుప్పు మొదలవుతుంది. అలాంటి చోట చువ్వకు జింకు ఆనోడు (చువ్వ బదులు తానే తుప్పుపట్టే జింకు ముక్క) కట్టి ప్యాచ్ వేయడం మేలు. పాత కాంక్రీటును తడిపి, పైతడి ఆరాక మోర్టార్ నింపి, తయారీదారు చెప్పినన్ని రోజులు తడి ఆరనివ్వకండి.

పునాది కోతను, అంటే పియర్ చుట్టూ నీరు మట్టిని కోసుకుపోవడాన్ని, వరద తగ్గాక కొలిచి ఊరుకోవద్దు. వరద ఉధృతిలో పడిన గుంత నీరు తగ్గేసరికి ఇసుకతో పూడిపోతుంది, కొలతలో అంతా బాగున్నట్టే ఉంటుంది. వరద సమయంలోనే, ధ్వనితో లోతు తెలిపే సోనార్‌తో కొలవాలి. కోత ఉన్న పియర్ చుట్టూ బండలు కుప్పపోస్తే నీటి దారి ఇరుకై పక్క పియర్ దగ్గర కోత పెరుగుతుంది. నదీగర్భం మట్టం దాటకుండా, కింద ఫిల్టర్ పొర వేసి, బండలు పరచాలి. ఫిల్టర్ లేకపోతే సందుల్లోంచి ఇసుక జారిపోయి బండలు కుంగుతాయి.