వేరియాక్స్‌లో అకౌస్టిక్ టోన్ బాగా రావాలంటే

లైన్ 6 వేరియాక్స్ లాంటి మోడలింగ్ గిటార్‌లో (వేరే గిటార్ల ధ్వనిని ఎలక్ట్రానిక్‌గా అనుకరించేది) అకౌస్టిక్ మోడల్ పెట్టినప్పుడు దాన్ని ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్‌లోకి పంపకండి. ఆ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని బాగా తగ్గించేస్తుంది, తీగల మెరుపంతా అక్కడే పోతుంది. డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) ద్వారా మిక్సర్‌కి ఇవ్వండి. మధ్యలో మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ ఉంటే అందులోని ఆంప్, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) మోడల్స్ రెండూ ఆఫ్ చేయాలి; చాలామంది మరిచిపోయేది ఇదే.

అప్పటికీ టకటకమని వినిపిస్తే గిటార్‌ని తిట్టుకోకండి. ఈ మోడల్స్‌కి ధ్వనిని అందించే పికప్‌లు బ్రిడ్జి శాడిల్స్‌లో (తీగలు ఆనే చోట) ఉండే పీజోలు, అంటే కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే సెన్సర్లు; పిక్ దెబ్బ వాటికి సూటిగా తగులుతుంది. పల్చటి పిక్‌తో, మెత్తగా, బ్రిడ్జికి కాస్త దూరంగా వాయించండి, చాలా తేడా వస్తుంది.

గిటార్‌లోనే ఎలక్ట్రానిక్‌గా ఆల్టర్నేట్ ట్యూనింగ్ (మామూలుది కాని శ్రుతి) పెట్టినప్పుడు మాత్రం హెడ్‌ఫోన్స్ వాడండి, లేదా వాల్యూమ్ పెంచండి. అసలు తీగల శ్రుతి మారదు కదా, తీగల అసలు శబ్దం, మోడల్ శబ్దం రెండూ కలిసి వినిపిస్తే అపశ్రుతే.