ఎంబీఏ క్లాసులో కేస్ డిస్కషన్ నడపడం ఎలా?

కావలసినవి: రెండు పేజీల కేసు (చివర్లో ఒక నిర్ణయం తీసుకోవాల్సిన వ్యాపారం కథ), బోర్డు, చిన్న చీటీలు. అంతే. ప్రొజెక్టర్ ఆపేయండి. స్లైడ్ కనబడిందంటే పిల్లలు ఆలోచించడం మానేసి ఫోన్‌తో ఫొటో తీసుకుంటారు.

హార్వర్డ్‌లో ఈ పద్ధతి 1920ల నుంచీ ఉంది, 1961లో మొదలైన అహ్మదాబాద్ ఐఐఎం కూడా అక్కడి నుంచే తెచ్చుకుంది. మనమూ తెచ్చుకుందాం, కానీ ఐసెట్ రాసి మొన్ననే చేరిన పిల్లల మీద ఇరవై పేజీల అమెరికా కంపెనీ కథ పడేయకండి. మొదటి కేసు కర్రీ పాయింటే అవ్వాలి. అద్దె, జీతాలు కలిపి నెలకు 60,000. ప్యాకెట్ ధర 40, సరుకులకు, ప్యాకింగ్‌కు 25 పోతాయి. అంటే ప్యాకెట్‌కు 15 మిగులుతుంది, నెలకు 4,000 ప్యాకెట్లు అమ్మితేగానీ ఖర్చులు రావు. ఇప్పుడొక ఫుడ్ యాప్ 20 శాతం కమిషన్ అడుగుతోంది, చేరాలా వద్దా?

కేసు ముందురోజే ఇవ్వండి. క్లాసులోకి వచ్చేటప్పుడు ఒక్కొక్కరి దగ్గరా చీటీ తీసుకోండి: చేరాలో వద్దో ఒక్క ముక్కలో, పక్కన లెక్కతో. లెక్క లేని చీటీ తీసుకోవద్దు.

ఇక అసలు కష్టం మొదటి ప్రశ్న దగ్గర. చాలామంది “ఈ కేసులో సమస్యలేమిటి?” అని అడిగి, ఎవరూ పలక్కపోతే కంగారుపడి తామే చెప్పేస్తారు. అక్కడితో ఆ క్లాసు అయిపోయినట్టే, మిగతా గంట లెక్చరే. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో అమెరికా సైన్స్ క్లాసులను గమనిస్తే టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతున్నాయని తేలింది. మన దగ్గర మూడు చాలవు, మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దానికి టెన్షన్ పడొద్దు.

వద్దని రాసినవాళ్ల చీటీ ఒకటి తీసి, “నువ్వే ఓనర్‌వైతే ఏం చేస్తావు?” అని అడగండి. ఎవరైనా “చేరాలి సార్, సేల్స్ పెరుగుతాయి” అంటే కరెక్టనీ అనొద్దు, తప్పనీ అనొద్దు. బోర్డు మీద రాసి, “పెరిగిన ప్యాకెట్ మీద మిగిలేదెంత?” అనండి. కమిషన్ 8 పోతే 15 కాస్తా 7 అవుతుంది. కాసేపటికి వెనక బెంచీలో ఒకరు లేచి, రోజూ కొట్టుకొచ్చేవాళ్లే యాప్‌లో ఆర్డర్ పెడితే ప్యాకెట్‌కు 8 రూపాయలు ఊరికే పోతాయి కదా అంటారు. దానికోసమే మీరు నోరు మూసుకుని నిలబడాలి. తల కూడా ఊపకండి, మీ మొహం చూసి జవాబు పట్టేస్తారు.

మొదటి నెల తెలుగులో మాట్లాడనివ్వండి. ప్లేస్‌మెంట్‌కి ఇంగ్లీష్ కావాలి, నిజమే, కానీ ముందు చెప్పడానికి ఏదో ఒకటి బుర్రలో ఉండాలి కదా. గ్రూప్ ప్రెజెంటేషన్లతో ఇదంతా వస్తుందనుకునేవాళ్లున్నారు. రాదు. ఒకరు స్లైడ్లు చేస్తారు, నలుగురు పక్కన నిలబడతారు.

చివరి పది నిమిషాలు నోట్సు మూయించి, నిర్ణయం మారిందో లేదో, ఎందుకో రాయించండి. వారం తర్వాత కమిషన్ 30 శాతం చేసి, మార్కులు లేకుండా అదే కేసు మళ్లీ ఇవ్వండి. ప్యాకెట్‌కు 3 రూపాయలే మిగులుతాయని పట్టుకోలేని వాళ్లను ఆ సాయంత్రమే కూర్చోబెట్టి లెక్క మొదటినుంచి వేయించండి.