ముందు మీ మీద దయ, తర్వాతే కృతజ్ఞత

రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగిన మంచిని రాసుకోమని చాలామంది చెబుతారు. మంచి అలవాటే. 2003లో ఎమ్మన్స్, మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పది వారాల పాటు వారానికోసారి అలా రాయించి చూస్తే, చికాకులు రాసుకున్నవారికంటే వీళ్లకు జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించింది.

నాకు మాత్రం మొదట్లో అది బెడిసికొట్టింది. నల్లగొండ దగ్గర మా బత్తాయి తోటలో బోరు ఎండిపోయి, కాపుకొచ్చిన చెట్లు కళ్ల ముందే వాడిపోయిన ఏడాది అది. "పక్క తోటవాళ్లకు ఆ నాలుగు చెట్లు కూడా మిగల్లేదు, నువ్వెందుకు ఏడుస్తున్నావు" అని నోట్‌బుక్ నిండా నన్ను నేనే తిట్టుకున్నాను.

అందుకే వరుస మార్చండి. మొదటి వాక్యం మీకోసం రాసుకోండి. అదే నష్టం మీ చెల్లెలికి వస్తే ఏమంటారు? "చేయాల్సిందంతా చేశావమ్మా, భూమిలో నీళ్లు లేకపోతే నువ్వేం చేస్తావు" అంటారు కదా. ఆ మాటనే మీ పేరు పెట్టి రాయండి. స్వీయ కరుణపై పరిశోధించిన క్రిస్టిన్ నెఫ్ చెప్పే మూడు అంశాల్లో మొదటిది ఇదే, తన పట్ల దయ. మిగతా రెండు, కష్టం అందరికీ వచ్చేదేనన్న ఎరుక, బాధను దాచకుండా, పెంచకుండా చూడటం.

ఆ తర్వాత కృతజ్ఞత. చిన్నదైనా ఫలానాదని ఉండాలి: "ట్యాంకరు వచ్చినప్పుడు మరిది పిలవకుండానే వచ్చి పైపు పట్టుకున్నాడు." రోజూ కుదరకపోతే వారానికోసారి చాలు.

వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోతే మాత్రం రాతతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.