వార్షిక సదస్సు నిర్వహణ, 4వ పాఠం: ప్రశంసాపత్రం రాయడం, చదవడం

ట్రైనర్ల సంఘం వార్షిక సదస్సులో ఇచ్చే అవార్డులకు నామినేషన్లు పిలవడం, ఎంపిక కమిటీ వేయడం గత పాఠంలో చూశాం. కమిటీ పేర్లు తేల్చి ఇచ్చేసింది అనుకుందాం. ఇప్పుడు ఆ సభ్యుల గురించి వేదిక మీద ఏం చెప్పాలి? మెమెంటో డిజైన్ మీద, వెనక కట్టే బ్యానర్ మీద గంటలకొద్దీ చర్చించే సంఘాలు ఈ పనిని మాత్రం సదస్సు ముందు రోజు రాత్రికి వదిలేస్తాయి. దాంతో అందరికీ ఒకటే పత్రం, పేరు మాత్రం వేరు. అది ఇలా ఉంటుంది:

"అంకితభావం, అపార అనుభవం, అసమాన ప్రతిభ కలిగిన మీరు శిక్షణ రంగానికి చేసిన విశిష్ట సేవలకు గుర్తింపుగా..."

ఇందులో పేరు తీసేసి పక్కవాళ్ల పేరు పెట్టండి. ఏ తేడా రాదు. పేరు మార్చినా సరిపోయే వాక్యం ఏదైనా సరే, కొట్టేయండి. అసలు మీ ముందు కూర్చున్నది ఎవరు? ట్రైనర్లు. మైకు పట్టుకుని మాట్లాడటమే వాళ్ల వృత్తి. ఊకదంపుడు మొదలైందని మొదటి వాక్యంలోనే పసిగట్టి ఫోన్లు బయటికి తీస్తారు.

మరి సరుకు ఎక్కడ దొరుకుతుంది? నామినేషన్ ఫారంలో సాధారణంగా దొరకదు. అందులో ఎన్నేళ్ల అనుభవం, ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఫీడ్‌బ్యాక్‌లో ఎంత స్కోరు వచ్చింది అన్నవే ఉంటాయి. 1959లో డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ శిక్షణను కొలవడానికి నాలుగు మెట్లు చెప్పారు. వచ్చినవాళ్లకు నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాళ్ల తీరు మారిందా, సంస్థకు ఫలితం కనిపించిందా. ఈ మెట్ల గురించి ఆయన వ్యాసాలు రాసింది కూడా ఒక ట్రైనర్ల సంఘం పత్రికలోనే. అమెరికాలోని ఆ సంఘం 2014 నుంచి ఏటీడీ (అసోసియేషన్ ఫర్ టాలెంట్ డెవలప్‌మెంట్) అన్న పేరుతో నడుస్తోంది. ఫీడ్‌బ్యాక్ స్కోరు ఈ నాలుగింటిలో మొదటి మెట్టు మాత్రమే. మీ పత్రానికి కావలసింది మూడో మెట్టులో ఉంది.

దానికి ఒక ఫోన్ చేయాలి. ఎంపికైన వ్యక్తికి కాదు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లకు. "సార్ ఎలా చెబుతారండీ?" అని అడిగితే "చాలా బాగా చెబుతారండీ" అంటారు, అక్కడితో సంభాషణ అయిపోతుంది. "ట్రైనింగ్ అయ్యాక మళ్లీ డ్యూటీకి వెళ్లినప్పుడు, అంతకుముందు చేయని పని ఏం చేశారు?" అని అడగండి. కాసేపు ఆలోచిస్తారు. తొందరపెట్టకండి. ఆ తర్వాత చెప్పేదే రాసుకోండి.

నాలుగో మెట్టు దగ్గర మాత్రం జాగ్రత్త. "ఆమె శిక్షణ వల్ల అమ్మకాలు రెట్టింపయ్యాయి" అని చదివారంటే, వెనక వరసలో కూర్చున్న ట్రైనర్లు నవ్వుకుంటారు. అమ్మకాలు పెరగడానికి పది కారణాలుంటాయని వాళ్లకు తెలుసు. మనుషులు ఏం చేయడం మొదలుపెట్టారో చెప్పి ఆపేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇప్పుడు ఊహించి రాసిన ఒక నమూనా చూడండి.

"డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించడం నర్సులకు నేర్పమంటే, మీరు తరగతి గది వదిలి వార్డుకు వెళ్లారు. పొద్దున్నే వాళ్ల పక్కన నిలబడి, ఏ వివరం ఎక్కడ జారిపోతోందో రాసుకుని, ఆ రాతల నుంచే పాఠం తయారుచేశారు. ఇప్పుడు ఆ వార్డులో నర్సులు రోగి మంచం దగ్గరే నిలబడి, రోగి వింటుండగా వివరాలు అప్పగిస్తున్నారు. ఈ పనికి గాను మా సంఘం మిమ్మల్ని ఈ ఏటి ఉత్తమ శిక్షకురాలిగా గౌరవిస్తోంది."

నాలుగే వాక్యాలు. పొగడ్త చివర్లో, అదీ అవార్డు పేరులో భాగంగానే వచ్చింది. అప్పటికే వినేవాళ్లకు ఆమె ఎలాంటి మనిషో అర్థమైపోయింది. ఆసుపత్రి పేరు లేదని గమనించారా? క్లయింట్ విషయాలు బయటపెట్టబోమని ట్రైనర్లు చాలాసార్లు సంతకం చేసి ఉంటారు. అందుకే పత్రంలోని వివరాలను ముందుగా అవార్డు అందుకోబోయేవాళ్లకు చూపించండి. సర్‌ప్రైజ్ పోతుందని కొందరు ఒప్పుకోరు. పోనివ్వండి. వేదిక మీద తప్పు వివరం చదివి ఆవిడను ఇబ్బంది పెట్టడం కంటే అదే నయం.

సంఘం కోసం చేసిన సేవకు ఇచ్చే గౌరవాన్ని దీనితో కలపకండి. ఏళ్ల తరబడి లెక్కలు చూసిన కోశాధికారిని "ఉత్తమ ట్రైనర్" అనేస్తే అది ఆయనకూ నప్పదు, అసలు ట్రైనర్లకూ నచ్చదు. ఆ విభాగం వేరుగా పెట్టి, ఆయన చేసిన పనినే చెప్పండి.

చదవడం సంగతి. పత్రం "మీరు" అంటూ రాశాం కాబట్టి ముందు వాళ్లను వేదిక మీదికి పిలిచి, వాళ్ల వైపు తిరిగి చదవాలి. మెమెంటో, ఫోటోలు చదవడం అయ్యాకే. మధ్యలో ఫోటోగ్రాఫర్ "మేడమ్, కొంచెం ఇటు చూడండి" అన్నాడంటే మీ కష్టమంతా గంగపాలు. ఈ మాట అతనికి ముందే చెప్పి ఉంచండి. పేరు ఎలా పలకాలో ఆ మనిషి నోటే విని, విన్నట్టే కాగితం మీద రాసుకోండి. అక్షరాలు పెద్దవిగా, ఒక్కో వాక్యం ఒక్కో పేరాగా ప్రింట్ తీయండి. గడియారం పెట్టుకుని పైకి చదివి చూడండి. నిమిషం దాటితే కత్తిరించాల్సిందే.

అభ్యాసం: మీ సంఘం పోయినేడాది ఇచ్చిన ప్రశంసాపత్రం ఒకటి తీసుకుని, పేరు మార్చే పరీక్ష పెట్టండి. ఏం మిగిలిందో చూసి, ఆ వ్యక్తి దగ్గర నేర్చుకున్న ఒకరికి ఫోన్ చేసి, నాలుగు వాక్యాల్లో తిరగరాయండి. తర్వాత ఆ వ్యక్తి ఎవరో తెలియని మీ స్నేహితుడికి చదివి వినిపించి, "ఇంతకీ ఏం చేశారట?" అని అడగండి. "ఎవరో మంచి ట్రైనరట" అన్నారంటే ఇంకో ఫోన్ చేయాలి.

వచ్చే పాఠం: నామినేషన్ వేసి, ఎంపిక కానివాళ్లకు రాసే ఉత్తరం.