చిన్నపిల్లలకు గోల్ఫ్: మొదటి ఏడాదిలో వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు గోల్ఫ్ పరిచయం చేసేటప్పుడు వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగం పిల్లల స్వింగులో (బంతిని కొట్టడానికి ఊపే తీరులో) ఉండవు. మనం వాళ్ల చేతికి ఇచ్చిన క్లబ్బులో (బంతిని కొట్టే కర్రలో) ఉంటాయి, నిలబెట్టిన చోటులో ఉంటాయి, వాళ్ల నుంచి ఆశించిన దూరంలో ఉంటాయి. ఏ సమస్య ఎదురైనా బిడ్డను సరిదిద్దబోయే ముందు ఈ మూడింటినీ చూడండి. నా అనుభవంలో పని సగం అక్కడే పూర్తవుతుంది.

భద్రత సంగతి మాత్రం అన్నిటికన్నా ముందు చెప్పాలి. అక్కడ లక్షణం కనబడేసరికే ఆలస్యమైపోతుంది.

సమస్య: ఒకరు స్వింగ్ చేస్తుంటే ఇంకొకరు వెనక్కి వచ్చి నిలబడుతున్నారు

గోల్ఫ్‌లో పిల్లలకు తగిలే దెబ్బల్లో తలకు తగిలేవే ప్రమాదకరమైనవి. ఎగిరి వచ్చే బంతి కన్నా, పక్కనున్న అన్నో అక్కో వెనక్కి ఎత్తిన క్లబ్బు తగిలి జరిగేవే ఎక్కువగా భయపెడతాయి. కారణం అల్లరి కాదు. చిన్నపిల్లలకు తమ బంతి తప్ప ఇంకేదీ కనబడదు. అది దొర్లిన వైపు పరిగెత్తడం వాళ్ల సహజ స్వభావం.

"జాగ్రత్త" అని పదిసార్లు అనడం వల్ల ఉపయోగం లేదు. నేల మీద గుర్తు పెట్టండి. తాడుతోనో సున్నంతోనో ఒక్కొక్కరికి ఒక్కో గుండ్రం గీసి, రెండు గుండ్రాల మధ్య పెద్దవాళ్ల అడుగులతో కనీసం ఐదారు అడుగులు వదలండి. ఎవరి గుండ్రంలో వాళ్లే క్లబ్బు ఎత్తాలి, బయటికి వచ్చేటప్పుడు క్లబ్బు కింద పెట్టి రావాలి. బంతులు ఏరుకోవడానికి అందరూ ఒకేసారి వెళ్లాలి, అదీ మీరు చెప్పాకే. ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి: గుండ్రం బయట క్లబ్బు ఊపితే ఆ పూటకు ఆట ఆపేయాలి. ఏడ్చినా సరే.

ఉరుము వినబడితే వెంటనే మైదానం వదిలి కట్టడంలోకో కారులోకో వెళ్లాలి. చెట్టు కింద నిలబడకూడదు. చివరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు ఆగి గాని తిరిగి రాకూడదు.

సమస్య: ఎన్నిసార్లు కొట్టినా బంతికి తగలడం లేదు

ఐదేళ్ల బిడ్డ ఎత్తు దాదాపు 110 సెంటీమీటర్లు. పెద్దల డ్రైవర్ (అన్నిటికన్నా పొడవైన క్లబ్బు) పొడవు 45 అంగుళాలు, అంటే 114 సెంటీమీటర్లు. తనకన్నా పొడవైన వస్తువును ఊపి, 1.68 అంగుళాల వ్యాసమున్న బంతిని కొట్టమని అడుగుతున్నామన్నమాట. ఇందులో బిడ్డ తప్పేముంది?

చాలా ఇళ్లలో నాన్న పాత క్లబ్బును కోసి పొట్టి చేసి ఇస్తారు. ఉద్దేశం మంచిదే, కానీ షాఫ్టు (క్లబ్బు కాడ) పొట్టిదైన కొద్దీ బిగుసుకుపోతుంది, క్లబ్బు తల బరువు మాత్రం తగ్గదు. గ్రిప్పు (చేత్తో పట్టుకునే పిడి) కూడా చిన్న చేతులకు లావుగా ఉంటుంది. బిడ్డ క్లబ్బును ఊపలేక, క్లబ్బే బిడ్డను ఊపుతుంది.

క్లబ్బు సరిపోయిందో లేదో చూసుకోవడం కష్టం కాదు. బంతి ముందు నిలబెట్టి, పక్క నుంచి క్లబ్బు తలను గమనించండి. అడుగుభాగం నేలకు సమంగా ఆనాలి. ముందుకొస గాలిలోకి లేచి, మడమ (క్లబ్బు తలకు కాడ వైపున్న కొస) మాత్రమే నేలను తాకుతుంటే అది పొడవెక్కువ. పై చేతికి పైన గ్రిప్పు రెండు అంగుళాల కన్నా ఎక్కువ మిగిలి పొట్టకు గుచ్చుకుంటున్నా అంతే. తర్వాత బరువు చూడండి. పై చేత్తో మాత్రమే పట్టుకుని క్లబ్బును భుజం ఎత్తులో ముందుకు చాపమనండి. పది లెక్కపెట్టే లోపే చేయి వణికి కిందికి వాలిపోతే ఆ క్లబ్బు బిడ్డకు బరువే.

పిల్లల క్లబ్బులను వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి కొనాలి. యూఎస్ కిడ్స్ గోల్ఫ్ లాంటి సంస్థలు ఎత్తులో ప్రతి మూడు అంగుళాలకూ ఒక కొలత చొప్పున తయారు చేస్తాయి. "రెండేళ్లు పనికొస్తుంది" అని దుస్తులు కొన్నట్టు పెద్దది కొనకండి. నియమాల ప్రకారం సంచిలో 14 క్లబ్బుల దాకా ఉండొచ్చు గానీ, ఈ వయసుకు మూడు చాలు: ఒక పటర్ (బంతిని నేల మీద దొర్లించడానికి), ఒక ఏడో నంబరు ఐరన్ (మధ్య దూరాలకు), ఒక వెడ్జ్ (దగ్గరి నుంచి బంతిని ఎత్తుగా లేపడానికి). మిగిలిన డబ్బు కొలత మారినప్పుడు కొత్తవి కొనడానికి దాచుకోండి. బాగా ఆడుతున్న బిడ్డ ఏడెనిమిది నెలల తర్వాత ఉన్నట్టుండి తప్పులు కొడుతుంటే, కోచ్‌కు ఫోను చేసే ముందు గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి.

క్లబ్బు సరైనదే అయినా తగలడం లేదంటే బంతిని మార్చండి. కొన్నాళ్లు టెన్నిస్ బంతితో ఆడించండి. ఆ తర్వాత గోల్ఫ్ బంతిని ప్రతిసారీ టీ పుల్ల (బంతిని నిలబెట్టడానికి నేలలో గుచ్చే చిన్న పుల్ల) మీద పెట్టి కొట్టించండి. నేల మీద పెట్టి కొట్టడానికి తొందరేమీ లేదు.

సమస్య: చేతులు తారుమారుగా పట్టుకుంటున్నారు, ఏ వైపు నిలబడాలో తేలడం లేదు

మన పిల్లలు క్రికెట్ బ్యాటు పట్టే గోల్ఫ్‌కు వస్తారు, అది మేలే. కుడిచేతి బ్యాటరు ఎడమ చేయి పైన, కుడి చేయి కింద పెడతాడు. గోల్ఫ్‌లోనూ ఆ వరసే. పది వేళ్లూ గ్రిప్పు మీద ఉండేలా, రెండు చేతుల మధ్య సందు లేకుండా పట్టుకుంటే ఈ వయసుకు సరిపోతుంది. చిటికెన వేలిని చూపుడు వేలితో పెనవేసే పట్టు పెద్ద చేతులకు. దానికోసం ఇప్పుడు పిల్లల వేళ్లు మెలిపెట్టకండి. పై చేయి ఎక్కడ పెట్టాలో గ్రిప్పు మీద రంగు టేపు చుట్టి చూపిస్తే, మర్నాటి నుంచి మీరు చెప్పాల్సిన పని ఉండదు.

తారుమారు కావడానికి ఇంకో కారణముంది. మనం ఎదురుగా నిలబడి చూపిస్తాం. బిడ్డకు అది అద్దంలో బొమ్మలా కనబడుతుంది, అలాగే అనుకరిస్తుంది. గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీలైన మేజర్లలో ఆరు టైటిళ్లు గెలిచిన ఫిల్ మికెల్సన్ మిగతా పనులన్నీ కుడిచేత్తోనే చేస్తాడు, గోల్ఫ్ ఒక్కటే ఎడమ వైపు నిలబడి ఆడతాడు. పసితనంలో తండ్రికి ఎదురుగా నిలబడి ఆయన స్వింగును చూసినది చూసినట్టు నేర్చుకోవడమే కారణం. కాబట్టి చూపించేటప్పుడు బిడ్డకు ముందు, బిడ్డ చూస్తున్న వైపే తిరిగి నిలబడండి. ఎడమ వైపే హాయిగా ఉందని బిడ్డ పట్టుబడితే మాత్రం బలవంతంగా మార్చకండి. ఎడమచేతి పిల్లల క్లబ్బులు వెతికి కొనండి.

సమస్య: బంతి గాల్లోకి లేవదు, నేల మీద దొర్లుతుంది

ఇక్కడ పెద్దలందరి నోటా ఒకటే మాట: "తల ఎత్తకురా!" ఆ మాట విన్న బిడ్డ తలతో పాటు ఒళ్లంతా బిగబట్టుకుంటుంది. అసలు కారణం సాధారణంగా ఇది: బంతిని పైకి లేపాలంటే కింది నుంచి తోడాలని బిడ్డ అనుకుంటుంది. అందుకే వెనక కాలి మీదికి వాలి, చేతుల్ని పైకి లాగుతుంది. క్లబ్బు బంతి నడినెత్తిన తగిలి అది దొర్లిపోతుంది.

క్లబ్బు ముఖాన్ని దగ్గరగా చూపించండి. అది వెనక్కి వాలి ఉంటుంది. "బంతిని లేపే పని దీనిది, నీ పని గడ్డిని ఊడవడమే" అని చెప్పండి. బంతి లేకుండా ఐదారుసార్లు గడ్డిని రాసుకుంటూ క్లబ్బు ఊపనివ్వండి. ఆ చప్పుడు వినబడాలి. అదే చప్పుడు బంతి ఉన్నప్పుడూ రావాలని చెబితే చాలు. కొట్టాక బంతి ఆగేదాకా పడిపోకుండా అదే భంగిమలో నిలబడే పందెం పెట్టండి. నిలకడ కోసం వాళ్లే వేగం తగ్గించుకుంటారు. స్వింగు గురించి మొదటి ఏడాది ఇంతకు మించి చెప్పనవసరం లేదని నా గట్టి నమ్మకం.

సమస్య: పది నిమిషాలకే విసుగు

కారణం డ్రైవింగ్ రేంజ్, అంటే దూరం కొట్టడం సాధన చేసే మైదానం. ఒక బుట్టెడు బంతులు, ఎదురుగా ఖాళీ మైదానం, కొట్టు, మళ్లీ కొట్టు. పెద్దవాళ్లకు అది సాధన, ఐదేళ్ల బిడ్డకు అందులో ఆటేమీ లేదు. బంతి ఎక్కడికి వెళ్లాలో, వెళితే ఏమవుతుందో తెలియదు.

ఆటను చివరి నుంచి మొదలుపెట్టండి. గ్రీన్ (గడ్డిని నున్నగా కత్తిరించిన చివరి చోటు) మీద ఉండే హోల్, అంటే బంతి పడాల్సిన గుంత, వ్యాసం 4.25 అంగుళాలు. దానికి ఒక్క అడుగు దూరంలో బంతి పెట్టి పటర్‌తో తోయమనండి. బంతి లోపల పడినప్పుడు వచ్చే ఆ చప్పుడు బిడ్డ ముఖంలో ఏం చేస్తుందో చూడండి. గోల్ఫ్ మీద ఇష్టం అక్కడ పుడుతుంది. తర్వాత రెండడుగులు, నాలుగడుగులు, గ్రీన్ అంచు, ఆ పైన పది గజాల నుంచి చిన్న చిప్ (బంతిని కొద్దిగా లేపి గ్రీన్ మీద దొర్లించే పొట్టి షాట్). పూర్తి స్వింగు అన్నిటికన్నా ఆఖరున.

అరగంట మించొద్దు. ఇంకా ఆడతానని బతిమాలుతున్నప్పుడే ఆపేయండి. ఇసుకలో గీతలు గీయడానికీ, బాతుల్ని చూడటానికీ కాస్త సమయం ఇవ్వండి. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన అదితీ అశోక్ ఐదేళ్ల వయసులో గోల్ఫ్ మొదలుపెట్టింది. బెంగళూరులో కుటుంబమంతా అల్పాహారానికి వెళ్లే హోటలు పక్కనే గోల్ఫ్ కోర్సు (మైదానం) ఉండటంతో, అక్కడ ఆడేవాళ్లను చూసి ముచ్చటపడి లోపలికి వెళ్లారు. బిడ్డకు ముందు ఆ ముచ్చట కలగనివ్వాలి.

సమస్య: కోర్సులోకి తీసుకెళ్తే ఏడుపు

లెక్క వేసి చూడండి. కోర్సులో టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి గుంత దాకా ఉండే ఒక్కో భాగాన్నీ కూడా హోల్ అంటారు; బాగా ఆడేవాళ్లు నాలుగు షాట్లలో ముగించేది పార్ 4, మూడింటిలో ముగించేది పార్ 3. 320 మీటర్ల పార్ 4 హోల్‌లో గ్రీన్‌ను పెద్దవాళ్లు బాగా కొడితే రెండు షాట్లలో చేరుకుంటారు. బిడ్డ గట్టిగా కొడితే 50 మీటర్లు వెళుతుందనుకుందాం. ఒక్కటీ తప్పకుండా కొట్టినా గ్రీన్ చేరడానికి ఏడు షాట్లు పడతాయి. పైగా వెనక నుంచి వచ్చే బృందం తొందర. ఏడవక ఏం చేస్తుంది?

పెద్దల టీ దగ్గర మొదలుపెట్టవద్దు. బిడ్డ కొట్టగల దూరానికి రెండింతలు లెక్కగట్టి, గ్రీన్‌కు అంత దూరంలో బంతి పెట్టండి. 50 మీటర్లు కొట్టే బిడ్డకు 100 మీటర్లే పార్ 4. స్కోరు కార్డు ఇంట్లో పెట్టి రండి. ఇద్దరు పిల్లలుంటే జట్టుగా ఆడించండి: ఇద్దరూ కొడతారు, మంచి షాట్ పడ్డ చోటు నుంచి మళ్లీ ఇద్దరూ కొడతారు. అమెరికాలో పిల్లల గోల్ఫ్ పోటీ అయిన పీజీఏ జూనియర్ లీగ్ నడిచేది ఈ పద్ధతిలోనే. ఒకరి తప్పు ఇంకొకరి షాట్‌తో కొట్టుకుపోతుంది కనుక ఎవరికీ చిన్నతనం ఉండదు. టెక్సస్‌లోని ఫ్రిస్కో చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఇంకో సౌకర్యముంది. పీజీఏ ఆఫ్ అమెరికా (వృత్తి గోల్ఫ్ శిక్షకుల సంఘం) తన ప్రధాన కార్యాలయాన్ని 2022లో అక్కడికి మార్చింది. ఆ ప్రాంగణంలో అన్నీ పార్ 3లే ఉన్న పది హోళ్ల చిన్న కోర్సు, విశాలమైన పటింగ్ మైదానం ఉన్నాయి. పసివాళ్ల మొదటి కోర్సు అలా ఉండాలి.

హైదరాబాదు, విజయవాడ ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదిన్నర దాటాక పిల్లల్ని బయట ఉంచకండి. అలసటతో వచ్చే ఏడుపును ఆట మీద అయిష్టం అనుకుని పొరబడతాం.

సమస్య: షాట్ కొట్టిన ప్రతిసారీ బంతిని చూడకుండా నాన్న ముఖం చూస్తోంది

ఈ లక్షణాన్ని చాలామంది గమనించరు. అన్నిటికన్నా నన్ను బాధించేది ఇదే. బంతి ఇంకా గాల్లో ఉండగానే బిడ్డ మెడ పక్కకు తిరుగుతుంది, కళ్లు తీర్పు కోసం వెతుకుతాయి. నాన్న పెదవి కాస్త విరిస్తే చాలు, తర్వాతి షాట్‌కు భుజాలు బిగుస్తాయి. "మోచెయ్యి చూసుకో నాన్నా", "నడుం తిప్పమ్మా", "ఎన్నిసార్లు చెప్పాలి" అంటూ ఒక్కో షాట్‌కు ఒక్కో సూచన చేస్తే బిడ్డ ఏది పట్టుకోవాలి?

ఒక పూటకు ఒకే సూచన, అదీ మొదట్లోనే. షాట్ అయ్యాక "ఎలా అనిపించింది?" అని అడిగి వినండి. చెప్పకుండా ఉండలేకపోతే మీరూ ఒక క్లబ్బు పట్టుకుని పక్కన ఆడండి. మీ షాట్ పాడైనప్పుడు మీరేం చేస్తారో బిడ్డ చూస్తుంది. బిడ్డ ఫలానా క్రీడాకారిణి అయి తీరాలన్న ఆశ మీలో ఉంటే, ఆ భారం ఈ వయసులో మోయించకండి. ఈత, పరుగు, క్రికెట్ అన్నీ ఆడనివ్వండి. ఒకే ఆటకు కట్టేయడం పదిహేనేళ్ల దాకా వాయిదా వేయడమే మంచిదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా సూచించింది.

అరచేతిలో బొబ్బలు, మణికట్టు నొప్పి, నడుం నొప్పి కనబడితే కారణం ఎక్కువ బంతులు కొట్టించడమే. ఆపేసి విశ్రాంతినివ్వండి. నొప్పి తగ్గకపోతే వైద్యునికి చూపించండి.

సమస్య: సభ్యత్వం లేదు, ఎక్కడ ఆడించాలి?

హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో, విశాఖపట్నం ఈస్ట్ పాయింట్‌లో కోర్సులున్నాయి. పిల్లల శిక్షణకు ఎవరిని అనుమతిస్తారో ముందుగా ఫోను చేసి కనుక్కోండి. ఈలోగా ఇల్లు చాలు. పొట్టి నూలున్న తివాచీ మీద ఒక గిన్నెను అడ్డంగా పడుకోబెట్టి అందులోకి బంతి తోయించండి. స్టీలు గ్లాసు మూతి అసలు హోల్ కన్నా ఇరుకు, మొదట్లోనే దాన్ని పెట్టకండి. అపార్టుమెంటు మేడ మీద స్పాంజి బంతులు మాత్రమే వాడండి.

శిక్షణకు చేర్చే ముందు ఒక తరగతి మొత్తం పక్కన కూర్చుని చూడండి. కోచ్ గొప్పతనం కన్నా ఇది ముఖ్యం: ఒక్కో బిడ్డ ఎంతసేపు ఆడుతోంది, ఎంతసేపు వరసలో నిలబడుతోంది. నిలబడటమే ఎక్కువైతే డబ్బు కట్టకుండా మరో చోటు చూసుకోండి.