ఊరి పేరు ఫీల్డ్‌ని 'వరంగల్'తో టెస్ట్ చేసి వదిలేయకండి

'వరంగల్' పాసైందని టెస్ట్ కేస్ మూసేయకండి, దాని పక్కనే 'హనుమకొండ' కూడా కొట్టి చూడండి. కంటికి అయిదక్షరాలే, కానీ గుణింతం గుర్తులు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి యూనికోడ్‌లో (అన్ని భాషల గుర్తులకూ నంబర్లిచ్చే పద్ధతి) 8. ఆ నంబర్లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, మొత్తం 24. 'వరంగల్' 18తోనే సరిపోతుంది. అంటే డేటాబేస్‌లో 20 బైట్ల కాలమ్‌లో మొదటిది దూరిపోతుంది, రెండోది దూరదు. ఒరాకిల్ డేటాబేస్‌లో వార్‌క్యార్2 (టెక్స్ట్ దాచే కాలమ్ రకం) సైజు మామూలుగా బైట్లలోనే ఉంటుంది, అక్కడ ఎర్రరొస్తుంది. అది నయమే. కోడ్ 20 దగ్గర నిశ్శబ్దంగా కోసేస్తే 'హనుమకొ' మిగిలి, చివర సున్నా తెగి పిచ్చి గుర్తు పడుతుంది.

సేవ్ అయిందా అని కాదు, మళ్లీ తెరిచి చదవండి. ఎక్సెల్‌లోకి దించుకునే సీఎస్‌వీ ఫైల్‌లో కూడా పేరు సరిగ్గా ఉందో చూడండి.

ఎస్సెమ్మెస్ వెళ్లే చోట తెలుగైతే ఒక మెసేజ్‌కి 160 కాదు, 70 అక్షరాలే, అదీ కంటి లెక్క కాదు, యూనికోడ్ లెక్క.

బగ్ రాసేటప్పుడు స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే డెవలపర్‌కి ఏమీ తేలదు. కొట్టిన పదాన్ని టెక్స్ట్‌గానే అతికించండి, పక్కన యూనికోడ్ అక్షరాల లెక్క, బైట్ల లెక్క రాయండి.