రాజ్యాంగం మీద రీసెర్చ్ చేసేటప్పుడు: తేదీ చూడండి, జడ్జిల్ని లెక్కపెట్టండి

రాజ్యాంగం మీద డిసర్టేషన్ రాయాలి, ఎక్కడ మొదలెట్టాలి అని లా స్టూడెంట్స్ చాలామంది అడుగుతుంటారు, అందుకే నేను చేసే పద్ధతి ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకి రక్షణ ఇచ్చే ఆర్టికల్ 21 ఒక్కటి పట్టుకుని చెప్తా, మిగతావాటికీ ఇదే దారి.

ముందు కావాల్సింది టాపిక్ కాదు, ప్రశ్న. "ప్రైవసీ హక్కు" అంటే టాపిక్, దాని మీద వంద పేజీలు రాసినా ఏదీ తేలదు. "2017కి ముందు ప్రైవసీ ప్రాథమిక హక్కా కాదా అన్నది ఎందుకు తేలలేదు" అంటే ప్రశ్న. దీన్ని ఒక్క వాక్యంలో రాసి ఎదురుగా పెట్టుకోండి.

తర్వాత రాజ్యాంగం పాఠమే చదవండి, గైడ్లు కాదు, అదీ ఏ తేదీ నాటి పాఠమో చూసుకుని. ఆస్తి హక్కు ఒకప్పుడు ఆర్టికల్ 31లో ఉండేది, 44వ సవరణతో అది పోయి 300ఏ వచ్చింది, మరి 1960ల నాటి తీర్పు చదువుతూ ఇవాళ్టి పుస్తకం పక్కన పెట్టుకుంటే ఏం అర్థమవుతుంది చెప్పండి.

రాజ్యాంగ సభ చర్చల దగ్గర చాలామంది బోల్తా పడతారు, ఎందుకంటే వాటిల్లో ఉండేవి డ్రాఫ్ట్ నంబర్లు. ఇప్పటి 21 అప్పుడు 15, ఇప్పటి 32 (ప్రాథమిక హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్ళే హక్కు) అప్పుడు 25. అంబేద్కర్ గారు రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అన్నది 32 గురించేనని అందరం చదువుకున్నాం, కానీ 1948 డిసెంబర్ 9 చర్చలో ఆ మాటలు 25 కింద దొరుకుతాయి. 21 కోసమైతే అదే నెల 6, 13 తేదీలు తీయండి. "డ్యూ ప్రాసెస్" (అంటే చట్టం న్యాయంగా ఉందో లేదో కోర్టు కూడా చూడొచ్చు) అని పెట్టాలా, "చట్టం నిర్దేశించిన పద్ధతి" అంటే చాలా అని సభ్యులు ఎంత మథనపడ్డారో చదివితే, అక్కడ ఓడిపోయిన వాదనే 1978లో మేనకా గాంధీ కేసులో, పద్ధతి కూడా న్యాయంగా ఉండాలి అనే రూపంలో తిరిగొచ్చిందని మీకే కనబడుతుంది, నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఒక్క జాగ్రత్త, ఒక సభ్యుడు అన్నంత మాత్రాన అది సభ నిర్ణయం కాదు, ఆ సవరణ నెగ్గిందో లేదో చివరిదాకా చూడాలి.

ఇక తీర్పులు. సుప్రీంకోర్టు తీర్పుల ఆన్‌లైన్ భండారం ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పైన ఉండే హెడ్‌నోట్, అంటే తీర్పు సారాంశం, తీర్పులో భాగం కాదు, దారి చూసుకోడానికి వాడుకోండి గానీ కోట్ మాత్రం చెయ్యొద్దు. నోట్‌బుక్‌లో గళ్ళు గీసి ఏ సంవత్సరం, ఎంతమంది జడ్జిలు, ఎవరు ఏకీభవించారు, ఇప్పటికీ నిలబడి ఉందా అని రాసుకోండి. మన ప్రశ్నకి జవాబు ఆ గళ్ళలోనే ఉంది: 1954 ఎం.పీ. శర్మ కేసులో 8 మంది, 1962 ఖరక్ సింగ్‌లో 6గురు, వాటిల్లో ప్రైవసీకి వ్యతిరేకంగా మాటలున్నాయి, 1975 గోవింద్ కేసు నుంచి ప్రైవసీ వైపు మొగ్గినవన్నీ చిన్న బెంచీలు (అంటే తక్కువ మంది జడ్జిలున్నవి), చిన్న బెంచ్ పెద్ద బెంచ్ మాట కొట్టెయ్యలేదు కాబట్టి ప్రైవసీ ప్రాథమిక హక్కేనని తేల్చడానికి 2017లో పుట్టస్వామి కేసుకి 9 మంది కూర్చోవాల్సొచ్చింది.

ఆ పుట్టస్వామిలో 6 వేర్వేరు తీర్పులున్నాయి. అందరూ కోట్ చేసే చంద్రచూడ్ గారి పెద్ద తీర్పు మీద ఉన్నది నలుగురే, తొమ్మిదిలో నాలుగు మెజారిటీ కాదు కదా. కోర్టు ఇలా చెప్పింది అని రాసే ముందు చివర్లో అందరూ కలిసి ఇచ్చిన ఆర్డర్ చూడండి, మిగతా తీర్పుల్లో అదే మాట ఎవరెవరు ఒప్పుకున్నారో లెక్కపెట్టండి.

మైనారిటీ తీర్పుల్ని వదిలెయ్యకండి దయచేసి. ఖరక్ సింగ్‌లో మన కోకా సుబ్బారావు గారు ప్రైవసీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని రాశారు, అప్పుడు ఆయనతో ఉన్నది ఒక్క జడ్జే, 55 ఏళ్ళకి తొమ్మిది మందీ ఆ దారికే వచ్చారు.

ఎక్కడ ఆపాలి అంటారా, కొత్త తీర్పు తెరిచినా అది ప్రస్తావించే కేసులన్నీ మీ గళ్ళలో ముందే ఉంటే, ఇక రాయడం మొదలెట్టొచ్చు.